నాలుగు పావు వృత్తాల నడుమ వైశాల్యం: మూడో సమీకరణం ఎక్కడి నుంచి రావాలి?

నర్సంపేట నుంచి ఒక డిగ్రీ విద్యార్థి, పదో తరగతి చదివే తన చెల్లెలికి లెక్కలు చెబుతూ ఆగిపోయిన చోటును వివరంగా రాసి పంపారు. ప్రశ్న ఇది. 14 సెం.మీ. భుజం గల చతురస్రం ఉంది. దాని నాలుగు మూలలనూ కేంద్రాలుగా తీసుకొని, భుజమంత వ్యాసార్థంతో, చతురస్రం లోపల నాలుగు పావు వృత్తాలు గీశారు. నాలుగింటికీ ఉమ్మడిగా నడుమ ఏర్పడే, వంపు అంచులున్న ప్రాంతం వైశాల్యం ఎంత? ఆయన మూడు తెలియని రాశులు పెట్టుకొని మూడు సమీకరణాలు రాశారు. సాధించబోతే సున్నా సమానం సున్నా అని తేలింది. సమీకరణాలు మూడూ సరైనవే అయినప్పుడు జవాబు ఎందుకు రావడం లేదని, చెల్లెలి గైడులో ఉన్న 62.25 అనే జవాబు ఎలా వచ్చిందని ఆయన అడిగారు.

హన్మకొండ చుట్టుపక్కల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా గణితం చెప్పిన అనుభవంతో ఒక మాట ముందే చెబుతాను. మీరు పడిన ఇబ్బంది కూడికలోనో తీసివేతలోనో జరిగిన పొరపాటు వల్ల వచ్చింది కాదు. వృత్తాలు ఒకదానిపై ఒకటి పడిన లెక్కలన్నింటికీ మూలమైన ఒక విషయాన్ని మీరు దాటి వెళ్లారు, అంతే. అందుకే ఈ జవాబు కొంత పొడవుగా రాస్తున్నాను.

లెక్క తేలిక కావడానికి భుజాన్ని 1 అనుకుందాం. చివర 196తో గుణిస్తే సరిపోతుంది. చతురస్రం మూలలు వరుసగా క, ఖ, గ, ఘ. నాలుగు చాపాలూ చతురస్రాన్ని తొమ్మిది ముక్కలు చేస్తాయి. నడుమ ఉన్నది 'య'. నాలుగు మూలల వైపు సూదిగా సాగినవి నాలుగు, ఒక్కొక్కటి 'ర'. నాలుగు భుజాలను ఆనుకొని ఉన్న సన్నని ముక్కలు నాలుగు, ఒక్కొక్కటి 'ల'. మొత్తం చతురస్రం చూస్తే య + 4ర + 4ల = 1. ఒక్క పావు వృత్తాన్ని చూస్తే, అందులో నడుమ ముక్క, ఎదురు మూలది తప్ప మిగిలిన మూడు మూలల ముక్కలు, తన మూలను తాకే రెండు భుజాల ముక్కలు ఉంటాయి కాబట్టి య + 3ర + 2ల = π/4. ఇంతవరకు మీరు రాసినదే. మూడోదిగా మీరు క, గ అనే ఎదురెదురు మూలల పావు వృత్తాలకు ఉమ్మడిగా ఉండే ఆకు ఆకారాన్ని తీసుకొని, దాని వైశాల్యం π/2 − 1 కాబట్టి య + 2ర = π/2 − 1 అని రాశారు.

ఈ మూడో సమీకరణం అబద్ధం కాదు. అయితే దాన్ని మీరు ఎలా కనుక్కున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎదురెదురు పావు వృత్తాలు రెండూ కలిసి చతురస్రాన్నంతా కప్పుతాయి కాబట్టి, రెండు పావు వృత్తాల మొత్తం నుంచి చతురస్రాన్ని తీసివేశారు. అంటే మీ రెండో సమీకరణాన్ని రెట్టింపు చేసి మొదటిదాన్ని తీసివేశారు. ఆ పని మీరు అక్షరాలతో చేసినా మీకు వచ్చేది య + 2ర = π/2 − 1 అన్నదే. ఉన్న రెండు వార్తలనే మూడో నోటితో మళ్లీ చెప్పించినట్టయింది తప్ప, చిత్రం గురించి కొత్త సంగతి ఏదీ అందులో లేదు.

కొత్త సంగతి ఎక్కడ ఉంది? పక్కపక్క మూలల నుంచి గీసిన చాపాలు ఒకదానినొకటి ఖండించుకునే బిందువు దగ్గర ఉంది. మీ మూడు సమీకరణాల్లో ఎక్కడా ఆ బిందువు ప్రస్తావన లేదు. అసలు జవాబులో √3 ఉందని ముందే చెబుతున్నాను. మీ సమీకరణాల కుడివైపున 1, π తప్ప మరేమీ లేవు. వాటిని ఎన్ని రకాలుగా కలిపినా, తీసివేసినా √3 పుట్టదు. చతురస్రంలోకి √3 రావాలంటే ఎక్కడో ఒక సమబాహు త్రిభుజం కనబడాలి.

దీన్ని నేను తరగతి గది నల్లబల్ల మీద కాకుండా వరండాలోని గచ్చు మీద చూపించేవాణ్ణి. మూలకు మూలకు సరిగ్గా రెండు గజాలుండేలా చతురస్రం గీసి, అంతే పొడవున్న ఒక సుతిలి తాడు కొసకు సుద్దముక్క కట్టి, రెండో కొసను ఒక అమ్మాయి మూల మీద వేలితో నొక్కి పట్టుకుంటే, ఇంకొక అమ్మాయి తాడును బిగించి చాపం గీసేది. క మూల నుంచి ఒకటి, ఖ మూల నుంచి ఒకటి గీసిన తర్వాత అవి కలిసిన చోట ఒక చింతగింజ పెట్టమనేవాణ్ణి. తాడు తీసుకొని క నుంచి చింతగింజ దాకా పెడితే సరిగ్గా సరిపోయేది. ఖ నుంచి పెట్టినా సరిపోయేది. మూడోసారి అదే తాడును క నుంచి ఖ దాకా, అంటే చతురస్రం భుజం పొడవునా పెట్టమంటే, పెట్టకముందే వెనక వరుసలో ఎవరో ఒకరు "మూడూ సమానమే సార్" అనేవారు. క, ఖ, చింతగింజ: సమబాహు త్రిభుజం. మూడు కోణాలూ 60 డిగ్రీలు. లెక్కంతా ఆ చింతగింజ దగ్గరే ఉంది.

ఇప్పుడు క, ఖ అనే పక్కపక్క మూలల పావు వృత్తాలకు ఉమ్మడిగా ఉన్న భాగాన్ని చూడండి. అందులో నడుమ ముక్క ఒకటి, క, ఖ మూలల ముక్కలు రెండు, కఖ భుజాన్ని ఆనుకున్న ముక్క ఒకటి ఉంటాయి: య + 2ర + ల. దాని వైశాల్యం ఎంతంటే, క దగ్గర 60 డిగ్రీల సెక్టర్, ఖ దగ్గర 60 డిగ్రీల సెక్టర్ కలిపితే ఆ భాగమంతా నిండుతుంది, కాని సమబాహు త్రిభుజం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది కాబట్టి దాన్ని ఒకసారి తీసివేయాలి. ఒక్కొక్క సెక్టర్ π/6, త్రిభుజం √3/4. కాబట్టి య + 2ర + ల = π/3 − √3/4. మీకు కావలసిన మూడో సమీకరణం ఇదే.

మిగిలినది చకచకా సాగిపోతుంది. రెండోదాని నుంచి దీన్ని తీసివేస్తే ర + ల = √3/4 − π/12. మొదటిదాని నుంచి రెండోదాన్ని తీసివేస్తే ర + 2ల = 1 − π/4. వీటి నుంచి ల = 1 − √3/4 − π/6, ర = √3/2 + π/12 − 1, చివరకు య = 1 + π/3 − √3. విలువ 0.31515. దాన్ని 196తో గుణిస్తే 61.77 చదరపు సెం.మీ.

అయితే నన్ను అడిగితే ఈ సమీకరణాల దారి కంటే నేరు దారి ఒకటి ఉంది, మీ చెల్లెలికి దాన్నే ముందు నేర్పమంటాను. వృత్త చాపాలు అంచులుగా ఉన్న ఏ ప్రాంతమైనా, ఎంత వంకరగా కనిపించినా, దాని మూల బిందువులను వరుసగా సరళరేఖలతో కలిపితే లోపల ఒక మామూలు బహుభుజి వస్తుంది. ఆ బహుభుజి అంచుకూ అసలు చాపానికీ మధ్య మిగిలేది ఎప్పుడూ ఒక వృత్తఖండమే. చాపం బయటికి ఉబ్బి ఉంటే ఆ వృత్తఖండాన్ని కలపాలి. లోపలికి తొలిచినట్టు ఉంటే తీసివేయాలి. వృత్తఖండం వైశాల్యం మీకు తెలిసిందే: సెక్టర్ నుంచి త్రిభుజాన్ని తీసివేయడం. కేంద్రం దగ్గర కోణం రేడియన్లలో ఉంటే, వ్యాసార్థం వర్గంలో సగాన్ని 'కోణం − కోణం సైన్' అనే తేడాతో గుణిస్తే చాలు. ఇక్కడ కోణాన్ని డిగ్రీలలోనే ఉంచి సైన్‌ను తీసివేసే పొరపాటును నేను లెక్కలేనన్ని జవాబు పత్రాల్లో దిద్దాను. డిగ్రీలే కావాలంటే సెక్టర్‌ను 360తో భాగించే పద్ధతిలో విడిగా కనుక్కొని, ఆ తర్వాతే త్రిభుజాన్ని తీసివేయాలి.

ఈ పద్ధతిని మన చిత్రానికి వర్తింపజేద్దాం. క నుంచి గీసిన చాపం 90 డిగ్రీలది. దాని మీద ఖ చాపం ఒక చోట, ఘ చాపం ఇంకొక చోట ఖండిస్తాయి. సమబాహు త్రిభుజం వల్ల ఒకటి 60 డిగ్రీల దగ్గర, మరొకటి 30 డిగ్రీల దగ్గర పడతాయి. అంటే చాపం మూడు సమాన భాగాలైంది. నడుమ ప్రాంతం అంచుగా వచ్చేది మధ్య భాగం మాత్రమే, 30 డిగ్రీలది. నాలుగు మూల బిందువులనూ కలిపితే ఒక చిన్న చతురస్రం వస్తుంది. దాని భుజం 30 డిగ్రీల చాపానికి జ్యా, అంటే చాపం రెండు కొసలను కలిపే సరళరేఖ; ఆ జ్యా వర్గం 2 − √3. దాని నాలుగు వైపులా ఉబ్బిన వృత్తఖండాలు ఒక్కొక్కటి ½(π/6 − ½), నాలుగూ కలిపి π/3 − 1. కూడితే 1 + π/3 − √3. సమీకరణాలు లేవు, తెలియని రాశులు లేవు. ఇదే చూపుతో భుజాన్ని ఆనుకున్న 'ల' ముక్కను కూడా ఒక్క వాక్యంలో రాయవచ్చు: చతురస్రం నుంచి ఎదురు భుజం మీది సమబాహు త్రిభుజాన్ని, దాని రెండు పక్కలా ఉన్న 30 డిగ్రీల సెక్టర్లనూ తీసివేస్తే మిగిలేదే అది, అంటే 1 − √3/4 − π/6.

ఇప్పుడు గైడులోని 62.25 సంగతి. సూత్రం తప్పు కాదు. విలువలు ముందే కుదించడం వల్ల అలా వచ్చింది. √3ను 1.73 అనీ, πని 22/7 అనీ తీసుకుంటే 2.0476 నుంచి 1.73 పోయి 0.3176 మిగులుతుంది, 196తో గుణిస్తే 62.25. దగ్గరదగ్గరగా ఉన్న రెండు పెద్ద సంఖ్యల తేడా చిన్నదైనప్పుడు, మూడో దశాంశంలో వదిలేసిన 0.002 కూడా 196 రెట్లై 0.4 అయి కూర్చుంటుంది. 1.732 తీసుకొని ఉంటే 61.86 వచ్చేది. పరీక్షలో ఏ విలువలు తీసుకోమన్నారో అవే తీసుకోవాలి, అందులో సందేహం లేదు; కాని 196(1 + π/3 − √3) అన్న రూపాన్ని ముందు రాసి, దాని కింద విలువలు ప్రతిక్షేపించడం మీ చెల్లెలికి అలవాటు చేయండి. దిద్దేవారికి పద్ధతి కనబడుతుంది, ఆమెకు తేడా ఎక్కడొచ్చిందో తెలుస్తుంది.

సమాన వృత్తాలు కానప్పుడు ఏం చేయాలన్నది మీరు అడగలేదు, కాని చెల్లెలు రేపు అడుగుతుంది. వ్యాసార్థాలు 15, 20, కేంద్రాల మధ్య దూరం 25 అనుకోండి. ఇక్కడా మొదటి పని ఖండన బిందువులను పట్టుకోవడమే. వాటిని కలిపే ఉమ్మడి జ్యా, కేంద్రాలను కలిపే రేఖకు లంబంగా ఉంటుంది. అది ఏ కేంద్రానికి ఎంత దూరమో తెలిస్తే కోణాలు తెలుస్తాయి. దీనికి మన దగ్గర పదిహేను వందల ఏళ్ల నాటి అందమైన సూత్రం ఉంది. 499 నాటి ఆర్యభటీయంలోని గణితపాదంలో ఆర్యభటుడు గ్రహణాల లెక్కకు పనికొచ్చేలా దీన్ని చెప్పాడు. రెండు వృత్తాలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయిన మేర 'గ్రాసం'; ఇక్కడ 15 + 20 − 25 = 10. రెండు వ్యాసాల నుంచీ గ్రాసాన్ని తీసివేస్తే 20, 30. వాటిని విడివిడిగా గ్రాసంతో గుణించి, వాటి మొత్తమైన 50తో భాగిస్తే 4, 6. ఇవే రెండు శరాలు, అంటే జ్యా మధ్య నుంచి చాపం దాకా ఉన్న ఎత్తులు. అయితే అవి పరస్పరం మారి వస్తాయని ఆయనే చెప్పాడు. 20 వ్యాసార్థం గల వృత్తానికి శరం 4, 15 వ్యాసార్థం గలదానికి 6. కాబట్టి జ్యాకు కేంద్రాల దూరాలు 16, 9. సగం జ్యా 12. వర్గమూలం తీయకుండానే జ్యా ఉండే చోటు దొరికింది. చిన్న వృత్తంలోని వృత్తఖండం 208.64 − 108, పెద్ద వృత్తంలోది 257.40 − 192. రెండూ కలిపి ఉమ్మడి వైశాల్యం 166.04.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా అవసరం, దీన్ని పుస్తకాలు సాధారణంగా ఒక పక్క మాటగా వదిలేస్తాయి. పై ఉదాహరణలో కేంద్రాలు జ్యాకు చెరొక వైపు ఉన్నాయి. వ్యాసార్థాలు 13, 20, కేంద్రాల దూరం 11 అయితే సగం జ్యా మళ్లీ 12 అవుతుంది, కాని రెండు కేంద్రాలూ జ్యాకు ఒకే వైపు పడతాయి. అప్పుడు ఉమ్మడి భాగంలో చిన్న వృత్తం నుంచి వచ్చేది అల్ప వృత్తఖండం కాదు, అధిక వృత్తఖండం. అక్కడ త్రిభుజాన్ని తీసివేయకూడదు, కలపాలి: 332.18 + 60 = 392.18. పెద్ద వృత్తంలోని వృత్తఖండం 65.40 కలిపితే 457.58. అలవాటు కొద్దీ 60ని తీసివేస్తే 337.58 వస్తుంది, 120 తక్కువ. చిత్రాన్ని నిష్పత్తి ప్రకారం గీస్తే ఈ పొరపాటు కంటికే తెలిసిపోతుంది. చేతికొచ్చినట్టు గీసిన చిత్రంలో కేంద్రం ఎప్పుడూ మనకు అనుకూలమైన వైపే పడుతుంది.

మూడు సమాన వృత్తాలు, ఒక్కొక్కటి మిగతా రెండింటి కేంద్రాల గుండా పోతున్నప్పుడు, మూడింటికీ ఉమ్మడిగా ఉన్న భాగం ఒక సమబాహు త్రిభుజం, దాని చుట్టూ 60 డిగ్రీల వృత్తఖండాలు మూడు. వ్యాసార్థం 7 అయితే 21.218 + 13.316 = 34.534. అంతకు మించి అందులో చెప్పవలసింది లేదు.

చివరగా మీ లెక్క కాగితం మీదిది మాత్రమే కాదని చెప్పాలనిపిస్తోంది. పరకాల దగ్గర మా బావమరిది పల్లి చేనులో స్ప్రింక్లర్లు పెట్టినప్పుడు, ఆరు మీటర్ల పైపులు రెండేసి కలిపి, 12 మీటర్లకు ఒక తల చొప్పున చతురస్రంగా నిలబెట్టారు. ఒక్కొక్క తల 12 మీటర్ల దూరం వరకు నీళ్లు చిమ్ముతుంది. నాలుగు తలల మధ్య ఉన్న 144 చదరపు మీటర్ల మడి, గుంటన్నర కంటే కొంచెం తక్కువ, అచ్చంగా మీ చెల్లెలి చిత్రమే. నడుమ 45.38 చదరపు మీటర్లకు నాలుగు తలల నీళ్లూ పడతాయి. మూలల వైపు ఉన్న 73.63కు మూడు తలలవి. భుజాలను ఆనుకున్న 24.99కి రెండేసి తలలవి. ఒక్క తల నీళ్లు మాత్రమే పడే చోటు లేదు. ఎన్ని తలల నీళ్లు అన్న సంఖ్యకు ఆ మడి మొత్తం మీద సగటు తీస్తే సరిగ్గా π వస్తుంది, ఎందుకంటే నాలుగు పావు వృత్తాలు కలిస్తే ఒక పూర్తి వృత్తం. స్ప్రింక్లర్ నీళ్లు తలకు దగ్గర ఎక్కువగా, దూరం పోయేకొద్దీ తక్కువగా పడతాయి కాబట్టే, ఒకదాని వలయం పక్కదాని మొదలు దాకా వచ్చేలా పెట్టుకోవడం మంచిదంటారు.

మరి మోటారు ఒత్తిడి తగ్గి నీళ్లు 10 మీటర్ల వరకే పడితే? అప్పుడు ఒక తల నీళ్లే పడే ముక్కలు మూలల దగ్గర కొత్తగా పుడతాయి, తెలియని రాశులు నాలుగవుతాయి, పాత మూడు సమీకరణాల పద్ధతి చాలదు. బిందువులను పట్టుకునే పద్ధతి మాత్రం అలాగే పనిచేస్తుంది. మడి ఒక మూల నుంచి కొలిస్తే, పక్కపక్క తలల వలయాలు 6, 8 మీటర్ల దగ్గర కలుస్తాయి, ఎందుకంటే 6, 8, 10 లంబకోణ త్రిభుజం. నాలుగు తలల నీళ్లూ అందే ప్రాంతంలోని చిన్న చతురస్రానికి కర్ణం 4, వైశాల్యం 8. ఒక్కొక్క చాపం కోణం 16.26 డిగ్రీలు, సైన్ 0.28, వృత్తఖండాలు నాలుగూ కలిపి 0.76. మొత్తం 8.76 చదరపు మీటర్లు. 12 మీటర్ల దాకా నీళ్లు పడినప్పుడు అదే ప్రాంతం 45.38 చదరపు మీటర్లు ఉండేది.